గోడకు వేలాడే ఎన్‌ఫీల్డు ఎందుకు పేలదు

పోయిన దసరా సెలవుల్లో మా గల్లీ చివరింటి పోరడు పాత చీరలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి చంకన పెట్టుకొని వచ్చాడు. హన్మకొండలో మా ఇంటి వసారా చిన్నది. అది నిలువుగా నిలబడలేదు, ఏటవాలుగా ఆనించి విప్పాడు. తుపాకీ. పొడుగాటి గొట్టం, దానికి మూడు ఇత్తడి పట్టీలు, వార్నిషు కొట్టిన కర్ర, పక్కన గుర్రం తలలా వంగిన సుత్తి. వీడు షార్ట్ ఫిల్ములు తీస్తుంటాడు. తెలంగాణ సాయుధ పోరాటం మీద ఒకటి మొదలుపెట్టాడట, దాని కోసం ఆన్‌లైన్లో తెప్పించాడు.

“సార్, ఎన్కకెల్లి ఓ చిన్న బొక్క ఏస్తే ఇది పేలుతదట గద. మీ దోస్తు లేత్ షాపుల ఏపియ్యిరాదుండ్రి” అన్నాడు.

ఐటీఐలో టర్నర్ పిల్లలకు ముప్పై ఏళ్ళ పైన పాఠం చెప్పినవాణ్ణి. అలవాటు కొద్దీ షెల్ఫులో ఉన్న అయస్కాంతం తీసి గొట్టానికి ఆనించాను. పట్టుకోలేదు. జారి బండ మీద టంగుమని పడింది.

“బిడ్డా, ఇది ఇనుము గూడ గాదు” అన్నాను.

వాడి మొహం చిన్నబోయింది. నిజానికి ఇనుమైనా నా జవాబు మారేది కాదు. ఎందుకో ఆ పూట వాడికి సగమే చెప్పగలిగాను, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. గోడకు వేలాడదీసే తుపాకీని బయటి రూపం నుంచి మొదలుపెట్టి చేస్తారు: చూడ్డానికి పోలిందా, ఫొటోలో బాగుందా, అంతే. పేల్చే తుపాకీ గొట్టం లోపలి నుంచి మొదలవుతుంది. లోపల లేనిదాన్ని తర్వాత ఎవరూ తెచ్చి పెట్టలేరు. లోపల ఉన్నా సరే, అది గురికి తగిలే తుపాకీ కావాలంటే ఇంకా చాలా పని మిగిలి ఉంటుంది. ఆ పని ఎలాంటిదో నేను కళ్ళారా చూశాను. మా ఊళ్ళో కాదు, ఎక్కడో తర్వాత చెప్తాను.

ముందు, మావాడు తెచ్చిన బొమ్మ దేనికి నకలు? 1853 నమూనా ఎన్‌ఫీల్డుకు. లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డు అనే చోట ఉన్న ప్రభుత్వ కర్మాగారం పేరు మీద దానికా పేరు. గొట్టం 39 అంగుళాలు. గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళం. మొత్తం పొడవు నాలుగున్నర అడుగుల పైచిలుకు, బరువు నాలుగు కిలోలు దాటుతుంది. అసలుదాంట్లో ఇత్తడి ఉంటుంది గాని గొట్టాన్ని కర్రకు బిగించే మూడు పట్టీలు మాత్రం ఇనుపవి. ఇత్తడి పట్టీలు చూడగానే నాకు సగం అనుమానం అక్కడే వచ్చింది.

దీనికి మందూ గుండూ రెండూ మూతి నుంచే నింపాలి. మన దగ్గర భర్మారు అనే పేరులోనే ఆ సంగతి ఉంది: భర్, మార్. నింపు, కొట్టు. కాకపోతే భర్మారు గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఎన్‌ఫీల్డు గొట్టం లోపల మూడు గాడులు తవ్వి ఉంటాయి. అవి తిన్నగా ఉండవు, 78 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున మెలి తిరిగి ఉంటాయి. అంటే 39 అంగుళాల గొట్టంలో సరిగ్గా అరచుట్టు. ఆ అరచుట్టు చాలు, సీసపు గుండు బొంగరంలా తిరుగుతూ బయటికొచ్చి ముక్కు ముందుకు పెట్టుకొని పోతుంది. తిరగని గుండు వంద గజాల తర్వాత ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. గుండు గాడులను పట్టుకుంటేనే తిరుగుతుంది. గాడులను పట్టుకునేంత బిగువుగా ఉంటే మూతి నుంచి కిందికి దిగదు. పూర్వం గాడుల తుపాకీ ఉన్నవాళ్ళు గుండును చెక్క సుత్తితో కొట్టి దింపేవాళ్ళు. వేటగాడికి అది సరిపోతుంది. ఎదుట శత్రువు పరుగెత్తుకొస్తుంటే సిపాయికి సరిపోదు. 1849లో క్లాడ్-ఎటియెన్ మినియే అనే ఫ్రెంచి అధికారి రూపొందించిన గుండు దీనికి దారి చూపింది. అది గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, అడుగున లోపలికి గుంట. పోయేటప్పుడు వదులుగా జారిపోతుంది. మందు అంటుకున్నాక ఆ వేడిగాలి ఒత్తిడికి అడుగు అంచు గొడుగులా విచ్చుకొని గాడుల్లోకి నొక్కుకుంటుంది. దిగేటప్పుడు వదులు, వచ్చేటప్పుడు బిగువు. ఎన్‌ఫీల్డు ఈ ఊహ మీదే నిలబడిన తుపాకీ.

ఇప్పుడు లోహం మాట. మావాడి బొమ్మది పోతపోసిన జింకు కలిపిన లోహం. దాంట్లో చిటికెడు మందు అంటుకున్నా అది గొట్టంలా ఉండదు, కుండలా పగులుతుంది. సరే, ఇనుప గొట్టమే వేస్తే? మా వర్క్‌షాపుల్లో దొరికే ఈఎన్‌1ఏ అనే ఉక్కు కడ్డీ లేత్ మీద వెన్నలా కోస్తుంది. పిల్లలకు మొదటి జాబులు, అంటే చేసి చూపాల్సిన ముక్కలు, దాని మీదే ఇచ్చేవాణ్ణి. అది అంత మెత్తగా కోసుకుపోవడానికి కారణం దాంట్లో కావాలని ఎక్కువగా కలిపిన గంధకం, కొన్ని రకాల్లో సీసం. కోసేటప్పుడు లేచే తునక, అదే చిప్, పుటుక్కున తెగేది అందుకే. చిప్ తెగడానికి పనికొచ్చే గుణం దెబ్బ తట్టుకోవడానికి పనికిరాదు. మూతి నుంచి నింపే తుపాకులు చేసేవాళ్ళలో ఇలాంటి ఉక్కు మీద పాత గొడవ ఒకటి ఉంది, ఇంకా తెగలేదు. నా ఓటు వద్దనేవాళ్ళకే.

మనవాళ్ళతో ఉక్కు మాటెత్తితే వెంటనే కోనసముద్రం అంటారు. నిజమే. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో మూసలు మూసి కరిగించిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు కత్తులకు వెళ్ళింది. కత్తికి కావలసింది అంచు నిలిపే గట్టిదనం, అందుకే దాంట్లో కర్బనం ఎక్కువ. తుపాకీ గొట్టానికి కావలసింది సాగే గుణం. తప్పు జరిగితే ఉబ్బాలి గాని పగలకూడదు. ఉబ్బిన గొట్టం పారేస్తే పోయే వస్తువు. పగిలిన గొట్టంతో పాటు ఎడమచేతి వేళ్ళూ పోతాయి. ఎందుకంటే పట్టుకునేది సరిగ్గా అక్కడే. కోనసముద్రం ఉక్కు గొప్పదే గాని గొట్టానికి అది జవాబు కాదు. మా పిల్లలకు కూడా ఈ సంగతి ఎప్పుడూ ఒకసారి చెప్తే ఎక్కేది కాదు. గట్టిదంటే మంచిదని మనసులో పడిపోయి ఉంటుంది.

మంచి ఉక్కుతో చేసిన గొట్టాన్ని కూడా నమ్మకం మీద వదిలిపెట్టరు. మామూలు మోతాదు కంటే ఎక్కువ మందు నింపి, మనిషి దూరంగా ఉండి పేల్చి, తర్వాత కొలిచి, ఎక్కడా ఉబ్బలేదు, చీలలేదు అని తేలితే ముద్ర కొడతారు. దాన్నే ప్రూఫ్ అంటారు. బర్మింగ్‌హామ్‌లో ఈ పని కోసం 1813లోనే చట్టబద్ధంగా ప్రూఫ్ హౌస్ ఏర్పడింది. ఇవాళ ప్రపంచంలో పేల్చడానికి అమ్ముడయ్యే ఎన్‌ఫీల్డు నకళ్ళలో చాలావరకు ఇటలీ నుంచే వస్తాయి. బ్రెషా దగ్గర గార్డోనే వాల్ ట్రోంపియా అనే ఊళ్ళో తరతరాలుగా తుపాకులు చేసేవాళ్ళు ఉన్నారు, ప్రూఫ్ పరీక్షశాల కూడా అక్కడే. పాతకాలపు మందుతో పేల్చే తుపాకీ అని తెలిసేలా దాని మీద పీఎన్ అనే ముద్ర ఉంటుంది. వాళ్ళకంటే ముందు 1970లలో బర్మింగ్‌హామ్ కంపెనీ పార్కర్-హేల్ ఈ నకళ్ళు చేసింది. వాళ్ళు అసలు ఎన్‌ఫీల్డు కొలతల గేజులు చూసి చేశారని వాటికి ఇప్పటికీ గిరాకీ. మన దేశంలో అలంకారం కోసం తయారై విదేశాలకు వెళ్ళే తుపాకులూ ఉన్నాయి. వాటి గొట్టానికి వెనుక, నిప్పు లోపలి మందుకు అందే రంధ్రం వేయకుండానే పంపుతారు. అక్కడ కొందరు బొక్క వేసి పేలుస్తారు. మావాడు యూట్యూబులో చూసింది అదే. ఆ గొట్టాన్ని ఎవరూ, ఎప్పుడూ, ఏ మోతాదుతోనూ పరీక్షించలేదన్న సంగతి మాత్రం ఆ వీడియోలో ఉండదు.

ఇక నేను చూసిన చోటు. మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. వరంగల్‌లో గల్లీకి నలుగురు తల్లిదండ్రులు ఇలాగే ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ. అక్కడ మాకు పొద్దుపోదు. పక్కింటి ముసలాయన గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే వెళ్ళి నిలబడేవాణ్ణి. లోపల చిన్న లేత్ ఉండేది, మా ఇద్దరికీ భాష అదే. ఆయన దగ్గర ఇటలీ ఎన్‌ఫీల్డు ఒకటి. అక్కడి 1861-65 అంతర్యుద్ధంలో ఇంగ్లండు నుంచి లక్షల సంఖ్యలో ఎన్‌ఫీల్డులు దిగాయి, రెండు పక్షాలూ వాడాయి. ఆ కాలపు తుపాకులతో పోటీలు పెట్టే నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ 1950లో మొదలైంది. వించెస్టర్ ఊరి దగ్గర వాళ్ళకు సొంత మైదానం ఉంది. ఆ రెండు పక్షాల నీలం, బూడిదరంగు దుస్తుల్లో ఎనిమిదేసి మంది జట్లుగా నిలబడి మట్టి బిళ్ళలూ పూలకుండీలూ పగలగొడతారు. గడియారం చూసి పోటీ.

ఆయన ఆ తుపాకీ కొత్తగా కొన్నప్పుడు యాభై గజాల్లో భోజనం పళ్ళెమంత మేర గుండ్లు చెదిరాయట. పైగా అన్నీ గురి కంటే జానెడు పైన. తుపాకీ మంచిదే, ప్రూఫ్ ముద్ర ఉంది, గొట్టం నున్నగా మెరుస్తోంది. మరి ఏమిటి లోపం? లోపం లేదు. కొన్న తుపాకీ క్షేమంగా పేలుతుంది, అంతవరకే కంపెనీ పూచీ. గురికి తగిలించడం కొన్నవాడి పని.

మొదట గొట్టం కొలిచాడు. మా పిల్లలకు గో, నో-గో గేజులు ఎలాగో అలా, వెయ్యోవంతు అంగుళం తేడాతో వరుసగా ఉన్న పిన్నులు. గొట్టం మీద 577 అని ఉంది. 0.578 పిన్ను దిగింది, 0.579 దిగలేదు. కాగితం మీది అంకెకూ లోపలి నిజానికీ ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతు, తేడా. లేత్ మీద ఒక థౌ అంటే మేం పెద్దగా పట్టించుకోం. ఇక్కడ అదే ప్రాణం. ఆయన వాడుతున్న గుండు 0.575 వ్యాసం. అంటే మూడు థౌల సందు. అడుగు అంచు విచ్చుకుంటుంది గాని ఒక పక్క ముందు, ఒక పక్క వెనుక అన్నట్టు విచ్చుకుంటే గుండు మూతి దాటేటప్పటికే వంకరగా ఉంటుంది. ఆయన కాస్త పెద్ద అచ్చు తెచ్చి, పోసిన గుండ్లను 0.577 వచ్చేలా రింగులోంచి నొక్కాడు. ఒకే ఒక థౌ సందు. చెదిరిన పళ్ళెం అరచేతిలోకి వచ్చింది.

సీసం కూడా మెత్తటిదే కావాలి. పాత బ్యాటరీలు, చక్రాల బరువులు కరిగిస్తే వచ్చేది గట్టిపడిన మిశ్రమం, అది విచ్చుకోదు. ఆయన గుండ్లను తక్కెడలో ఒక్కొక్కటే తూచేవాడు. ఆ పాత సైన్యం గుండు బరువు 530 గ్రెయిన్లు, మన లెక్కలో దాదాపు మూడు తులాలు. కంసాలి తూచినట్టే తూచి, ఒక గ్రెయిను తక్కువున్నదాన్ని మళ్ళీ మూసలో వేసేవాడు. బరువు తగ్గిందంటే లోపల ఎక్కడో గాలిబుడగ ఉన్నట్టు. గాలిబుడగ ఒక పక్కన ఉంటే తిరిగే గుండు తూగుతుంది.

ఇక్కడ సిపాయికీ పోటీవాడికీ దారులు చీలుతాయి. మందు కాలాక దాని బరువులో సగం కంటే ఎక్కువ ఆవిరైపోదు, మసిగా, మడ్డిగా, ఘనపదార్థంగానే మిగులుతుంది. నాలుగైదు సార్లు పేల్చేసరికి గొట్టం లోపల మడ్డి పేరుకొని సందు ఇరుకవుతుంది. ఒక థౌ సందు గుండు అప్పుడు దిగదు. పోటీవాడు తడిగుడ్డతో తుడుచుకుంటాడు, సిపాయికి ఆ తీరిక లేదు. అందుకే ఎన్‌ఫీల్డు తూటాలో గుండు 0.568 మాత్రమే. మిగిలిన సందును కాగితం చుట్టి పూరించారు. ఆ కాగితానికి కొవ్వూ మైనమూ పట్టించారు. ఎందుకంటే మడ్డిని మెత్తగా ఉంచేది ఆ జిడ్డే. ఆ జిడ్డు ఏ జంతువుదన్న అనుమానమే 1857 జనవరిలో దమ్ దమ్ నుంచి బయలుదేరి, మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే దగ్గర, మే 10న మీరట్‌లో భగ్గుమంది. ఆవు కొవ్వు, పంది కొవ్వు కథ మనం బడిలో చదువుకున్నాం. అసలు ఆ జిడ్డు ఎందుకు కావలసి వచ్చిందో ఏ పాఠంలోనూ చెప్పలేదు. గాడుల తుపాకీకి మడ్డి ఒక శత్రువు, జిడ్డు దానికి మందు. అందుకని.

ఇంకో వింత. ఆ తిరుగుబాటును అణచే యుద్ధాల్లోనే ఇంగ్లీషు సైన్యానికి 0.568 గుండు కూడా బిగిసిపోయి దిగక ఇబ్బందయింది. మన ఎండలు, ఎండిన మడ్డి, కరిగిపోయిన జిడ్డు. 1859లో గుండును 0.550కి తగ్గించేశారు. 27 థౌల సందు! మా క్లాసులో ఎవడైనా ఇంత వదులు ఫిట్టింగ్ చేసి తెస్తే జాబు విసిరికొట్టేవాణ్ణి. కానీ గుండు అడుగున ఉన్న చెక్క బిరడా దాన్ని గట్టిగా విచ్చుకునేలా చేసింది, పని జరిగిపోయింది. పేల్చడానికి తగిన తుపాకీ అంటే ఎవరికి తగినది అన్న ప్రశ్న వెంటే ఉంటుంది. ఆ తర్వాత భారతీయ సిపాయిలకు చూడ్డానికి అచ్చం ఎన్‌ఫీల్డులాగే ఉండే తుపాకులు ఇచ్చారు. లోపల మాత్రం గాడుల్లేవు, నున్నటి గొట్టం. గురి చూడ్డానికి, దూరాలకు సర్దుకునే నిచ్చెన సైటు బదులు కదలని దిమ్మె. బయట ఒకటి, లోపల ఒకటి. రూపాన్ని చూసి తుపాకీని నమ్మకూడదని వాళ్ళే మనకు నేర్పారు.

పక్కింటాయన రెండో సమస్య, గుండ్లన్నీ జానెడు పైన తగలడం. దీన్ని నేనే లెక్క కట్టి ఇచ్చాను, అందుకని కాస్త గర్వంగానే చెప్తున్నా. ఎన్‌ఫీల్డు వెనుక సైటు అతి తక్కువ మెట్టు 100 గజాలకు. నిచ్చెన ఎత్తితే 900 గజాల దాకా అంకెలు. అది సైన్యం గుండుకు, సైన్యం మోతాదు మందుకు వేసిన లెక్క. పోటీ పెట్టేది యాభై గజాల దగ్గర, అందుకే గుండు పైకి పోతుంది. వెనుక సైటును ఇంకా దించడానికి వీల్లేదు, అది ఇప్పటికే గొట్టానికి ఆనుకొని ఉంది. కాబట్టి ముందు సైటు ఎత్తు పెంచాలి. సారూప్య త్రిభుజాలు, పదో తరగతి లెక్క. యాభై గజాలంటే 1800 అంగుళాలు. రెండు సైట్ల మధ్య దూరం ఆయన తుపాకీలో 33 అంగుళాలు వచ్చింది. గుండు 8 అంగుళాలు పైన తగులుతోంది. ఎనిమిదిని ముప్పైమూడుతో గుణించి 1800తో భాగిస్తే 0.147. అంటే దాదాపు అంగుళంలో ఏడో వంతు. ముందు సైటు అంత పెరిగితే గుండు ఎనిమిది అంగుళాలు దిగుతుంది. ఆయన కొంచెం ఎక్కువ ఎత్తుగా కొత్త ముక్క అతికించి, మైదానంలో కూర్చొని, మూడు గుండ్లు కొట్టడం, ఆకురాయి రెండుసార్లు తోయడం, మళ్ళీ మూడు గుండ్లు. తీసేయడం తేలిక, మళ్ళీ పెట్టడం కష్టం కాబట్టి ఎప్పుడూ ఎత్తుగానే మొదలుపెట్టాలి. ఇది అన్ని ఫిట్టింగుల్లోనూ మొదటి పాఠం. ముక్కు పోగుకు బొక్క పెట్టేవాడిక్కూడా తెలుసు.

మిగతావి చిన్నవి. కర్రకూ గొట్టానికీ మధ్య ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా ఉంటే వానాకాలం ఒక గురి, ఎండాకాలం ఒక గురి వస్తుంది. పట్టీలు మరీ బిగిస్తే అదే జబ్బు. సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ క్యాప్, దాన్ని పెట్టే నిపిల్ చివర రంధ్రం కాలక్రమంలో పెద్దదై, మంట వెనక్కి తన్ని సుత్తిని సగం లేపుతుంది. అప్పుడది మార్చేయడమే. ట్రిగ్గర్ గట్టిగా ఉంటే మెత్తగా చేద్దామని పళ్ళు అరగదీసేవాళ్ళుంటారు. సగం ఎత్తిన సుత్తి ఆగాల్సిన చోట ఆగకపోతే తుపాకీ చేతిలో ఉండగానే పేలుతుంది. ఆయన దీన్ని తన చేతులతో ముట్టలేదు, పనివాడి దగ్గరికి పంపాడు. లేత్ ఉంది కదా అని అన్నీ మనమే చేయకూడదు.

మందు గురించి ఒక మాట. నల్లమందంటే మనకు అభిని, అందుకని తుపాకీ మందు అనే అంటాను. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాతకాలపు మందు అది. ఇవాళ్టి తుపాకుల్లో వాడే పొగరాని మందు అందులో పోస్తే ఒత్తిడి ఎన్నో రెట్లు, గొట్టం ముక్కలు. సైన్యం మోతాదు రెండున్నర డ్రాములు, అంటే దాదాపు నాలుగున్నర గ్రాములు. పోటీవాళ్ళు అంతకంటే బాగా తక్కువే వాడతారు, యాభై గజాలకు అంత అవసరం లేదు. మోతాదు కంటే ఆయన ఎక్కువ జాగ్రత్త పడింది మరొకదానికి. దట్టించే కడ్డీ మీద ఒక గీత గీసుకున్నాడు. గుండు మందును ఆనుకొని కూర్చుంటే ఆ గీత సరిగ్గా మూతి దగ్గరికి వస్తుంది. గీత పైన ఉందంటే గుండు మధ్యలో ఆగింది, కింద ఖాళీ ఉంది, అలా పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. లేదా ఇందాక నింపిందే పేలలేదు, దాని మీద మళ్ళీ నింపాం. యుద్ధపు గందరగోళంలో ఇదెంత తేలికో అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ చూస్తే తెలుస్తుంది. 1863లో ఆ యుద్ధం ముగిశాక మైదానంలో 27 వేలకు పైగా తుపాకులు ఏరారు. దాదాపు 24 వేలు నింపే ఉన్నాయి, వాటిలో సగం తుపాకుల్లో రెండేసి తూటాలు. క్యాప్ పెట్టకుండానే ట్రిగ్గర్ నొక్కి, పేలిందనుకొని మళ్ళీ నింపినవాళ్ళూ ఉండి ఉంటారు. చుట్టూ అంత మోత ఉన్నప్పుడు తన తుపాకీ పేలిందో లేదో ఎవడికి తెలుస్తుంది?

సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన చేసే పని మాత్రం నాకు చిన్నప్పటి దీపావళి మర్నాడు గుర్తుకు తెచ్చేది. అదే గంధకం వాసన. గొట్టంలో వేడినీళ్ళు పోస్తే తారులాంటి నీళ్ళు బయటికొచ్చేవి. మూడు నాలుగు బిందెల తర్వాత తేటపడేవి. మడ్డి గాలిలోని తేమను పీలుస్తుంది. ఒక్క రాత్రి వదిలేస్తే పొద్దున్నకు లోపల ఎర్రటి తుప్పు. అంత కష్టపడి కుదిర్చిన ఒక థౌ, తుప్పు తింటే రెండు థౌలు.

ఆ పూట చెప్పినంత విని మావాడు “మరి మన దగ్గర అట్లాంటిది కొనుక్కోవచ్చా సార్?” అన్నాడు. ఇక్కడ మాట గట్టిగా చెప్పాలి. అమెరికాలో 1968 చట్టం మూతి నుంచి నింపే పాత నమూనాల నకళ్ళను పురాతన ఆయుధాల కిందే చూసింది. మన దగ్గర అలా లేదు. 1959 ఆయుధాల చట్టంలో ఆరో సెక్షనే దీని గురించి: తుపాకీ గొట్టం పొట్టిగా కోయాలన్నా, నకిలీ తుపాకీని నిజం తుపాకీగా మార్చాలన్నా లైసెన్సు కావాలి. లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్ళ జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. మావాడు అడిగిన ‘చిన్న బొక్క’ చట్టం కళ్ళలో ఇంతటిది. ఆ బొక్క వేసిన లేత్ షాపువాడు కూడా వాడితో పాటే నిలబడాలి. మందు సంగతికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం వేరే ఉంది. ఇదే ఆయుధాల చట్టం పంట కాపాడుకునే రైతుకు మూతి నుంచి నింపే తుపాకీ లైసెన్సు ఇవ్వడానికి 13వ సెక్షన్లో దారి పెట్టింది. మరమ్మతు చేసినా పేలని పాత తుపాకులను 45వ సెక్షన్ వదిలేసింది. ‘మరమ్మతు చేసినా’ అన్న మాట గమనించాలి. తాతల నాటి భర్మారు అటక మీద ఉంటే, అది ఇప్పుడు పేలకపోవడం చాలదు, బాగుచేసినా పేలకూడదు. అలాంటిది ఇంట్లో ఉంటే దాచుకోవడం కంటే పోలీస్ స్టేషనులో అడగడమే మంచిది.

అంతా అయ్యాక నాకింకో సంగతి తట్టింది. వాడి కథ 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన రోజుతో మొదలవుతుందట. ఆ పోరాటంలో జనం చేతుల్లో ఉన్నవి వడిసెలలు, గుత్పలు, భర్మార్లు. ఎన్‌ఫీల్డు అప్పటికే తొంభై ఏళ్ళ ముసలిది. ఇటువాళ్ళ చేతిలో పెట్టినా, అటువాళ్ళ చేతిలో పెట్టినా తెలిసినవాడు నవ్వుతాడు. ఈ మాట చెప్తే వాడు ఏమన్నాడంటే, “తెలిసినోడు ఎవడు సూస్తడు సార్, పొగ కనిపిస్తె సాలు.”

పొగే కదా అని మా ఆవిడ పూజ గూట్లోంచి సాంబ్రాణి కడ్డీ ఒకటి తెచ్చి, అంటించి, మూతిలో దూర్చాను. వాడు వసారాలోనే తుపాకీ భుజాన ఆనించి ఫోను నాకిచ్చాడు. పొగ సన్నగా, తీరిగ్గా, మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. నిజం తుపాకీ పొగ ఇలా రాదు, ఒక్కసారిగా తెల్లటి దిండులా ముందుకు తన్నుకొస్తుంది అని చెప్పబోతుంటే లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినపడింది:

“దీపం ముట్టియ్యకముందే ధూపం ఎవరేసిన్రు?”